నాలుక చురుక్కుమనే దాకా

"అబ్బబ్బబ్బ!" అంటూ అరచేత్తో నుదురు కొట్టుకుంది డాక్టర్ హేమనళిని.

ఆవిడ అలా కొట్టుకోవడం సుగంధ మొక్కల పరిశోధన కేంద్రంలో అందరికీ అలవాటే. పొద్దున్న వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సెక్కే దాకా ఎంత లేదన్నా పాతికసార్లు కొట్టుకుంటుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ నుదురు సొట్టపోలేదంటే గట్టి నుదురే అనుకోవాలి. ఈసారి కారణం ఒక ఫోను. ఎవరో నాయనమ్మ. పసివాడికి జలుబు చేస్తే ముక్కులో రెండు చుక్కలు నీలగిరి తైలం వేసిందట. వాడు గుడ్లు తేలేస్తే ఆస్పత్రికి పరిగెత్తారట, ఎలాగో బతికి బయటపడ్డాడట. ఇంత జరిగాక ఆవిడ ఫోను చేసింది ఎందుకయ్యా అంటే, ఈసారి రెండు చుక్కలకు బదులు ఒక్క చుక్క వేయవచ్చా అని కనుక్కోవడానికి.

"వద్దమ్మా! చుక్కా వద్దు, అరచుక్కా వద్దు!"

"ఇంగ్లీషు మందు కాదు కదండీ. చెట్టుదే కదా."

"గన్నేరు పప్పు కూడా చెట్టుదేనమ్మా. పెడతారా?"

అవతల ఠక్కున ఫోను పెట్టేశారు. కోపం వచ్చినట్టుంది.

ఇదీ హేమనళిని బతుకు. చెట్టు తన ఆకులోనో వేరులోనో ఘాటు నూనె దాచుకునేది మన జలుబు తగ్గించడానికి కాదు తల్లీ, తనని కొరకవచ్చిన పురుగు నోరు కాల్చడానికి అని ఊరూరా తిరిగి చెప్పింది. కర్పూరం మూట ఉయ్యాలకు కట్టొద్దంటే, "మా అమ్మమ్మ నాకూ కట్టింది, నేను బతకలేదా?" అంటారు. బతకనివాళ్లు లేచొచ్చి చెప్పరుగా! లవంగ నూనె చిగుళ్లకు రాయొద్దంటే, "పోనీలెండి, మీ కోసం కాస్త తక్కువ రాస్తాం" అంటారు, ఏదో ఆవిడకు సాయం చేస్తున్నట్టు.

అన్నిటికన్నా మొండి వ్యవహారం వసది. వసకొమ్మును సాన మీద తల్లిపాలతో అరగదీసి, ఆ గంధం పసిబిడ్డ నాలుక మీద రాస్తే మాటలు గలగలా వస్తాయని నమ్మకం. ఎవరైనా ఆపకుండా వాగుతుంటే, చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోశార్రా అంటాం. అలాంటి అలవాటును మానిపించడం బ్రహ్మతరం కూడా కాదు. ఆ కొమ్ములో అసరోన్ అనే విషం ఉందని, పసిపిల్లల లోపల అది నెమ్మదిగా పని చేస్తుందని ఆవిడ పన్నెండేళ్లు చెప్పింది. గోడకు చెప్పినా కాస్త సున్నం రాలి ఉండేదేమో. చివరికి విసిగిపోయి ఒకనాడు, "సరే, మీరు మానరు. మానకండి! ఆ విషాన్నే తీసి పారేస్తాను" అనుకుంది. కొందరికి జ్ఞానం వల్ల ఆవిష్కరణలు పుడతాయి. ఈవిడకు చిరాకు వల్ల పుట్టింది.

ఎనిమిదేళ్లు పట్టింది. వస మొక్క జన్యువుల్లో, అసరోన్ తయారు చేయించే ముక్క ఎక్కడుందో పట్టుకుని, దాన్ని కత్తిరించి, అదే ఆకు అదే కొమ్ము అదే వాసన ఉండేలా కొత్త మొక్కను పెంచింది. కాగితాల్లో దాని పేరు కె-పదకొండు. జనం మాత్రం గవర్నమెంటు వస అన్నారు. రెండేళ్ల క్రితం చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో, నాలుగు వేల ఇళ్లకు, పెరట్లో నాటుకోవడానికి పిలకలూ అరగదీయడానికి కొమ్ముల పాకెట్లూ ఉచితంగా పంచారు. మొదటి సభలో హేమనళిని మైకు పట్టుకుని, పన్నెండేళ్ల ఉక్రోషమంతా కలిపి, "ఇదిగోనమ్మా, ఇందులో విషం లేదు. ఇప్పుడిక మీ ఇష్టం వచ్చినట్టు పోసుకోండి!" అంది. జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆవిడ బల్ల మీద ఉత్తరాల కట్ట ఉంది. డైరెక్టర్ కృపానిధి గారు స్వయంగా తెచ్చి పెట్టారు.

"చదవండి మేడమ్, చదవండి. 'మా మనవరాలు అస్సలు ఏడవదండి, పడుకుంటే పడుకున్నట్టే ఉంటుంది, మీ వసకి దణ్ణం' అట. ఇంకోటి చూడండి, 'మా వాడు బుద్ధుడిలా కూచుంటాడు' అట. రెండేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు! బుధవారం మంత్రిగారు వస్తున్నారు. రాష్ట్రమంతా వదిలేద్దాం. విడుదల కాగితం మీద మీ సంతకం కూడా అయిపోయింది, నా దగ్గరే ఉంది."

తన మాట జనం విని మెచ్చుకోవడం హేమనళిని సర్వీసులో అదే మొదలు. నుదురు కొట్టుకోకుండా ఒక ఫైలు మూసి ఇంటికి వెళ్లింది. ఆ ఉత్తరాలను రెండోసారి చదివి ఉంటే బాగుండేదని తర్వాత చాలా రోజులు అనుకుంది.

మర్నాడు ఆదివారం. ఇంట్లో కూతురు కుముద పురిటికి వచ్చి ఉంది, పాపకు మూడో నెల. పాపకు నీళ్లు పోయడానికి రోజూ ఆదెమ్మ వస్తుంది. ఆ చుట్టుపక్కల నలభై ఏళ్లుగా పుట్టిన పిల్లల్లో సగం మంది ఆదెమ్మ కాళ్ల మీద పడుకుని స్నానం చేసినవాళ్లే. ఆవిడ నోరు తెరిస్తే మూత పడదు. చిన్నప్పుడు ఆదెమ్మకు వస పోయలేదు, వసలోనే ముంచి తీశారని కుముద అంటూ ఉంటుంది.

మామూలు రోజుల్లో ఆదెమ్మ వచ్చే వేళకు హేమనళిని బస్సులో ఉంటుంది. ఆ రోజు తీరిగ్గా కాఫీ గ్లాసుతో పెరటి గుమ్మంలో కూచుంది. ఆదెమ్మ పీట మీద కాళ్లు చాపుకుని, పాపను బోర్లా పడుకోబెట్టుకుని, పొగలు కక్కే నీళ్లు చెంబుతో గుమ్మరిస్తోంది. వీపు రుద్దింది, చేతులు లాగింది, వెల్లకిలా తిప్పి ముక్కు నొక్కి సాగదీసింది. పాప మాత్రం ఆకాశం కేసి చూస్తూ ఊరుకుంది.

"సూసేరా అమ్మగారూ, బంగారుతల్లి! కిక్కురుమంటాదేమో సూడండి. మా రోజుల్లో పిల్లలకి నీళ్లోత్తే నాలుగీదులకి ఇనపడేది. ఇప్పుడు తొమ్మిదిళ్లలో పోత్తన్నాను, ఒక్కరూ ఏడవరు. అంతా మీ వస సలవ."

"నిద్ర కూడా బాగా పోతోందమ్మా," అంది కుముద తువ్వాలు పట్టుకుని. "నేనే లేపి పాలివ్వాల్సొస్తోంది."

హేమనళినికి కాఫీ ఎందుకో రుచించలేదు.

"ఉంగా ఉంగా అంటోందా?"

"మొన్న మొన్నటి దాకా అనేది. ఈ మధ్య లేదు. మాటలు తర్వాతొస్తాయిలే, వస పోస్తున్నాంగా."

స్నానం అయింది. సాంబ్రాణి వద్దని హేమనళిని అరిచింది, సరేనని ఆదెమ్మ ఆపింది. తర్వాత సాన ముందేసుకుని, ఉగ్గుగిన్నెలోంచి పాలు రెండు చుక్కలు వేసి, గవర్నమెంటు వసకొమ్ము అరగదీయడం మొదలుపెట్టింది. హేమనళిని వృత్తి అలవాటు కొద్దీ లోలోపల లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడు చుట్లు అయ్యాక ఆగుతుందనుకుంది. పాకెట్టు మీద మూడు చుట్లని బొమ్మేసి మరీ అచ్చు వేయించింది తనే. ఆదెమ్మ ఆగలేదు. ఏడు, ఎనిమిది, పదకొండు. నోటితో ఎవరింట్లోనో కోడలు అత్తను ఏమందో చెబుతూనే ఉంది, చెయ్యి తిరుగుతూనే ఉంది. ఇరవై దగ్గర ఆపి, చిటికెనవేలితో కాస్త తీసి తన నాలుక మీద పెట్టుకుంది. మొహం చిట్లించి మళ్లీ మొదలుపెట్టింది.

"ఆదెమ్మా! ఏంటది?"

"వసండి."

"అది నాకూ తెలుసు. ఎన్ని చుట్లు తిప్పుతున్నావ్?"

"సుట్లు ఎవరు లెక్కెడతారండీ? నాలిక సురుక్కుమనే దాకా తిప్పాల. సురుక్కుమందా, సాలని గుర్తు. మా అమ్మ నేర్పిందండి. పాత కొమ్మయితే మూడు సుట్లకే కరిసేది. ఈ గవర్నమెంటుది మంచిదే గానీ, మొద్దు వసండి. నలభై తిప్పినా కరవదు. ఒక్కోనాడు యాభై, అరవై తిప్పుతాను. అప్పుడు కూతంత తిమ్మిరి తగులుద్ది. మీ ఇంటి పిల్లకి తక్కువ సేత్తానా?"

"పాకెట్టు మీద మూడని రాసుంది కదా!"

"సిన్నమ్మగారు సదివి ఇనిపించేరండి. మూడుకి ఏటొత్తాదండీ, నా మొకం! సదువుకున్నోళ్లు కదా, సాన మీద పని తెలవక ఏదో రాసేరనుకున్నాను."

హేమనళిని చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది. నాలుకను కరిచేది అసరోనే. మూడు చుట్లకు కరిచి, ఇక చాలు అని ఆదెమ్మ వేలికి చెప్పేదీ అదే. ఎనిమిదేళ్లు కష్టపడి విషాన్ని పీకేశాననుకుంది కానీ, దాంతో పాటు కొలతను కూడా పీకేసింది. కొత్త వస పంచక ముందు ఊళ్లలో సర్వేకు వెళ్లిన కుర్రాళ్లు ఎన్ని చుట్లు అని అడిగారు, ఆడవాళ్లు మూడు నాలుగు అన్నారు, వీళ్లు రాసుకొచ్చారు. ఎప్పుడు ఆపుతావమ్మా అని అడిగిన మొనగాడు ఒక్కడూ లేడు. ఆ ప్రశ్నల కాగితం తయారుచేసిన మొనగత్తె తనే.

సాన మీది గంధాన్ని ఉగ్గుగిన్నెలోకి తీసి, మూత పెట్టి, ఆదివారం అని కూడా చూడకుండా బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ కుముదతో, "పాపకి ఈ పూట వస వద్దు. రేపూ వద్దు. ఇక ఎప్పుడూ వద్దు. రెండు గంటలకోసారి లేపి పాలివ్వు. ఇంకా మత్తుగా ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అని చెప్పింది.

"ఏమైందమ్మా? విషం లేదన్నావుగా?" అంది కుముద.

హేమనళిని అప్పటికే వీధి గుమ్మం దిగిపోయింది. బస్సులో కూచుని దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది.

ల్యాబులో ఒక వెచ్చటి పెట్టె ఉంది. అందులో తపాలా బిళ్లంత గాజు పలకలు వరసగా ఉంటాయి. ప్రతి పలక మీదా, బొడ్డుతాడు నెత్తుటి నుంచి మొదలుపెట్టి పెంచిన పసి మెదడు కణాలు ఉంటాయి. కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు పుట్టే సన్నటి విద్యుత్తును స్పీకరుకు తగిలిస్తే పిట్టల గుంపులా కిచకిచమంటుంది. అందుకే ల్యాబులో వాటిని వసపిట్టలంటారు. ఏ నూనె పరీక్షించాలన్నా పిట్టల మీద ఒక బొట్టు వేసి వింటారు. గవర్నమెంటు వసను కూడా ఇలాగే విన్నారు. మూడు చుట్ల మోతాదుకు పిట్టలు హాయిగా అరిచాయి.

సహాయ శాస్త్రవేత్త రిజ్వానా ఇంట్లో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఉగ్గుగిన్నె చూసి నవ్వబోయి, మేడమ్ మొహం చూసి మానేసింది.

"ఇది ఇరవై పైచిలుకు చుట్ల గంధం, వాళ్లు తిప్పేది అరవై దాకా. పసిపిల్ల ఒంట్లోకి ఎంత పోతుందో లెక్కకట్టి అంతే వెయ్యి."

రిజ్వానా లెక్కకట్టి వేసింది. పిట్టలు కాసేపు మామూలుగానే అరిచాయి. పావుగంటకు అరుపులు పలచబడ్డాయి. అరగంటకు అక్కడొకటి ఇక్కడొకటి కిచ్ మంది. ముప్పావుగంటకు స్పీకరులో ఏమీ లేదు.

"స్పీకరు పోయిందేమో మేడమ్," అంది రిజ్వానా.

"పక్క పలకకి తగిలించు."

తగిలించగానే పక్క పలక పిట్టలు గోలగోలగా అరిచాయి. స్పీకరు నిక్షేపంగా ఉంది.

ఇద్దరూ పాత కాగితాలు తిరగేశారు. గవర్నమెంటు వసలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చూపించే గీతలో, అసరోన్ ఉండాల్సిన చోట చదునుగా ఉంది. దాని పక్కన, పాత వసలో లేని ఒక బుల్లి గుట్ట ఉంది. మొక్క చేతిలో కత్తి లాక్కుంటే చేతులు ముడుచుకుని కూచుంటుందా? పురుగును తరమడానికి ఇంకేదో కర్ర పట్టుకుంది. దానికి రుచి లేదు, చురుకు లేదు, మత్తు మాత్రం ఉంది. మూడు చుట్లలో అది ఉన్నా లేనట్టే, అరవై చుట్లలో బోలెడు. గుట్ట పక్కన పెన్సిలుతో, 'స్వల్పం. పట్టించుకోనక్కరలేదు' అని రాసి ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు హేమనళినివే.

"పిట్టల్ని కడిగి, మంచి ఆహారం మార్చి ఉంచు," అంది నీరసంగా. "మళ్లీ అరుస్తాయేమో చూద్దాం."

"అరవకపోతే మేడమ్?"

"నన్నడుగుతావేంటే! నాకేం తెలుసు!" అని గయ్యిమంది. వెంటనే, "నీ మీద కాదమ్మా" అని ఆ పిల్ల భుజం తట్టింది.

సోమవారం పొద్దున్నే డైరెక్టర్ గదిలో యుద్ధం జరిగింది. కృపానిధి గారు చెడ్డవాడేం కాదు. కాకపోతే షామియానాకు అడ్వాన్సు ఇచ్చేసిన మనిషితో వాదించడం ఎవరి వల్లా కాదు.

"మూడు చుట్లని పాకెట్టు మీద అచ్చు వేశాం. వాళ్లు అరవై తిప్పితే మన తప్పా మేడమ్? ఇన్నాళ్లూ మీరే అనేవారుగా, జనానికి చెప్పినా తలకెక్కదని."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. వాళ్ల తలకెక్కక కాదండీ, వాళ్ల నాలుకకి తెలిసింది మన తలకెక్కలేదు."

"రెండేళ్లలో ఒక్క ఫిర్యాదు..."

"అబ్బబ్బబ్బ! ఏడవని పిల్ల మీద ఎవరండీ ఫిర్యాదు చేసేది? పిల్ల నిద్రపోతే తల్లి దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది కానీ మీకు అర్జీ పెడుతుందా? ఆ ఉత్తరాలన్నీ ఫిర్యాదులేనండీ బాబూ! మనం వాటిని దండల్లా మెళ్లో వేసుకున్నాం!"

ఆయన మంత్రిగారి పేరు ఎత్తారు, పైవాళ్ల పేరు ఎత్తారు, ఇంకో నెల చూద్దామన్నారు. హేమనళిని ఇక వాదించలేదు. బల్ల మీది ఫైలు లాక్కుని, విడుదల కాగితం తీసి, తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన తేదీ వేసింది. మొక్కను పెంచిన మనిషి సంతకం లేనిదే అది కేంద్రం గేటు దాటడానికి వీల్లేదని రూలు. ఆ రూలు పెట్టమని ఐదేళ్లు పోట్లాడింది కూడా ఆవిడే. కృపానిధి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. వారం తిరక్కుండా ఆవిడ మీద విచారణ వేశారు, వేసుకోనీ అంది.

గేటు దాటాల్సిన మొక్కలు ఆగాయి. రెండేళ్ల క్రితం దాటినవాటి మాటేమిటి? నాలుగు వేల ఇళ్ల పెరళ్లలో, నీళ్ల తొట్ల పక్కన అవి గుబురుగా పెరిగి ఉన్నాయి. వాటిని పీకేయమని ఆటోకు మైకు కట్టి తిప్పారు. "మొన్న ఇదే మంచిదన్నారు, ఇప్పుడు చెడ్డదంటారు, రేపు మళ్లీ మంచిదంటారు" అని జనం మైకును దాటి వెళ్లిపోయారు. వాళ్లనేం అంటాం!

మంగళవారం పొద్దున ఆదెమ్మ రాగానే హేమనళిని బస్సు మానుకుని కూచోబెట్టి చెప్పింది. పిల్లలు ఎందుకు ఏడవడం లేదో, సాన మీద ఏం జరిగిందో అంతా చెప్పింది. ఆదెమ్మ నోరు మెదపకుండా వింది. ఆ ఇంట్లో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి.

"అయితే నేను పోసిన పిల్లలందరికీ..."

"నువ్వు కాదు, నేను. పోసింది నువ్వే, ఇచ్చింది నేను. మత్తు దిగుతుందనే అనుకుంటున్నాం. ల్యాబులో పిట్టలు ఇంకా అరవలేదు, చూస్తున్నాం."

"ఇది సిన్నపిల్లలకేనాండీ? కొంచెం పెద్ద పిల్లలకైతే ఏటవుద్ది?"

"ఎంత పెద్ద?"

ఆదెమ్మ పైటకొంగు వేళ్లకు చుట్టుకుంది.

"పద్నాలుగు నెలలండి. మా దుర్గ. కొడుకు కూతురు. కోడలు నాలుగిళ్లలో పనికెల్తాది, నేను నీళ్లు పొయ్యటానికొత్తాను. పిల్ల ఏడిత్తే సూసేవోళ్లు లేరని పుట్టిన కాడ్నించి రెండు పూటలా పోసేనండి. దానికింకా అత్తా లేదు, తాతా లేదు. పిలిత్తే సూత్తాది, అంతే. నిదానం పిల్లనుకున్నాం." కాస్త ఆగి మెల్లగా అంది. "ఆ రోజు సభకి నేనూ వొచ్చేనండి. ముందు వరసలోనే కూకున్నాను. మీ ఇష్టమొచ్చినట్టు పోసుకోండన్నారు కదండీ."

హేమనళినికి తను ఆ మాట ఎలా అందో, ఏ గొంతుతో అందో అంతా గుర్తుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టమని అడగాలనిపించింది. ఆదెమ్మ తిట్టలేదు. లేచి, సాన మీదున్న వసకొమ్ము తీసుకుని పెరటి గోడ అవతలికి విసిరేసింది. తర్వాత పాపకు నీళ్లు పోయకుండానే వెళ్లిపోయింది.

ఎక్కడికి వెళ్లిందో సాయంత్రానికి తెలిసింది. పదకొండు ఊళ్లలో పసిపిల్లలకు నీళ్లు పోసేవాళ్లు నలభై మంది దాకా ఉంటారు. అందరూ ఒకరికొకరు తెలుసు. ఆదెమ్మ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, "ఒసే, ఆ మొద్దు వస మన పిల్లల గొంతు తినేత్తందే. నా దుర్గని సూడు" అని చంకలో ఉన్న పిల్లను చూపించింది. మైకుకు కదలని ఊళ్లు నాలుగు రోజుల్లో కదిలాయి. పెరళ్లలో వస దుబ్బులు పీకి, గట్ల మీద పోసి తగలబెట్టారు. పాత వస మళ్లీ మొదలుపెట్టకుండా కూడా ఆదెమ్మే కాపలా కాసింది. "అది ఇసమని డాట్రమ్మ పన్నెండేళ్లు మొత్తుకుంది, ఇన్నామా?" అని ఎదురు దెబ్బలాడింది.

గాజు పలక మీద పిట్టలు మూడు రోజులు మూగగా ఉన్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం రిజ్వానా ఫోను చేసి, "వినండి మేడమ్" అని ఫోను స్పీకరు దగ్గర పెట్టింది. చాలాసేపటికి కిచ్ మని ఒక్క అరుపు వినిపించింది. హేమనళిని బస్టాండులో అందరూ చూస్తుండగా ఏడ్చేసింది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఆదెమ్మ కాళ్ల మీద పడుకుని, మొదటి చెంబు నీళ్లకే పాప కెవ్వుమంది. మామూలు ఏడుపు కాదు, ఇన్నాళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చే ఏడుపు. కుముద నవ్వుతూ ఏడ్చింది, హేమనళిని కాఫీ ఒలకబోసుకుంది.

"ఏడువు తల్లీ ఏడువు! ఇంకా గట్టిగా!" అంటూ ఆదెమ్మ ఇంకో చెంబు పోసింది. ఆవిడ చెంపల మీద ఉన్నది నీళ్లో కన్నీళ్లో ఎవరూ అడగలేదు.

ఒకటి తరవాత ఒకటి, ఊళ్లలో పిల్లల ఏడుపులు తిరిగొచ్చాయి. మూడు నెలలూ నాలుగు నెలలూ వస తాగిన పిల్లలు తేరుకున్నారు. ఏడాది పైన తాగినవాళ్లు ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. వాళ్లు మత్తు వదిలి చురుగ్గా నడుస్తున్నారు, ఆడుతున్నారు. మాట మాత్రం రాలేదు. పట్నం నుంచి వచ్చిన నిపుణులు, వస్తుందో రాదో చెప్పలేమన్నారు. పిల్లలతో ఎంత మాట్లాడితే అంత మంచిది, ఎదురుగా కూచుని మొహం చూపిస్తూ మాట్లాడండి అని చెప్పి వెళ్లారు. ఆ ముప్ఫై ఒక్కమందిలో దుర్గ ఒకతె.

అప్పట్నుంచి హేమనళిని సాయంత్రం బస్సు రెండు స్టాపుల ముందే దిగి ఆదెమ్మ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. దుర్గను ఎదురుగా కూచోబెట్టుకుని గంటసేపు మాట్లాడేది. పిల్లలతో ఏం మాట్లాడాలో ఆవిడకు చేతకాదు. చిట్టి చిలకమ్మలు రావు, చందమామలు రావు. అందుకని తనకు వచ్చిందే మాట్లాడేది. విచారణ కమిటీ అడిగిన తెలివితక్కువ ప్రశ్నలు చెప్పేది. కృపానిధి గారి సంజాయిషీ చెప్పేది. కొత్త సర్వే కాగితంలో మొదటి ప్రశ్నగా 'ఎప్పుడు ఆపాలో మీకు ఎలా తెలుస్తుంది?' అని పెడితే పైవాళ్లు అర్థం కాలేదని తిప్పి పంపిన సంగతి చెప్పేది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఆదెమ్మను పంపుతాను, ఒక గంట క్లాసు పీకించుకోండని జవాబు రాసిన సంగతీ చెప్పేది. దుర్గ పెద్ద పెద్ద కళ్లతో ఆవిడ మొహమే చూస్తూ కూచునేది.

"మీ కతలకి దాని సెవులు పండిపోతన్నాయండి," అనేది ఆదెమ్మ పొయ్యి దగ్గర్నుంచి. ఇంతకు ముందులా వాగడం ఆవిడ కూడా మానేసింది. ఆ నిశ్శబ్దమే హేమనళినికి ఎక్కువ భారంగా ఉండేది.

అలా ఐదు నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం హేమనళిని మండిపోతూ వచ్చింది. చెప్పులు విడిచీ విడవకుండానే దుర్గ ముందు చాప మీద కూలబడింది.

"విన్నావుటే దుర్గా? ఆ నీలగిరి తైలం నాయనమ్మ లేదూ, మనవడి ముక్కులో పోసి ఆస్పత్రి పాలు చేసిందే, ఆ మహాతల్లి ఇవాళ మళ్లీ ఫోను చేసింది. నీలగిరి మానేసిందట, నా మాట విన్నదట. ఇప్పుడు పుదీనా నూనె వేయవచ్చా అని అడుగుతోంది! చెట్టుదే కదా అంటోంది! అబ్బబ్బబ్బ!" అని నుదురు ఠపీమని కొట్టుకుంది.

దుర్గ ఆవిడ కేసి చూసింది. నెమ్మదిగా కుడి చెయ్యి ఎత్తింది. చిట్టి అరచెయ్యి తన నుదుటి మీద ఠప్ మని వేసుకుంది.

"అ... బ్బ... బ్బ."

పొయ్యి దగ్గర గరిటె కింద పడింది. ఆదెమ్మ తడి చేతులతోనే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇంకోపాలి అనండమ్మగారూ," అంది ఆదెమ్మ. "ఇంకోపాలి కొట్టుకోండి. మీకు దణ్ణమెడతాను."

హేమనళిని కళ్లు తుడుచుకోకుండానే మళ్లీ నుదురు కొట్టుకుంది. దుర్గ కూడా కొట్టుకుంది. ఆ సాయంత్రం ఆఖరి బస్సు వెళ్లిపోయే దాకా ఇద్దరూ అలా కొట్టుకుంటూనే ఉన్నారు.